బొమ్మలు వేసే విద్యార్థికి ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పేపరు దేనికి పనికొస్తుంది?

ప్రశ్న: హన్మకొండలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. డిజైన్లు వేస్తాను. కాకతీయ తోరణం, బతుకమ్మ బొమ్మలతో గుడ్డసంచులు ప్రింట్ చేయించి అమ్మాలని ఉంది. ఈ సెమిస్టర్‌లో ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ ఎలక్టివ్ ఇచ్చారు. అది కళకు ఏమన్నా పనికొస్తుందా, లేక వ్యాపారం పెట్టేవాళ్ళకేనా?

జవాబు:

తీసుకో తమ్ముడూ. ఐదేళ్ళ అంచనాల చార్టులు మాత్రం మార్కుల కోసం రాసెయ్. ఇంకా ఒక్క సంచి అమ్మనివాడు ఐదో ఏటి టర్నోవర్ రాస్తే అది కథే. నీకు పనికొచ్చేది కాస్టింగ్, అంటే ఒక్కో వస్తువుకు ఎంత ఖర్చు పడుతుందో లెక్కగట్టడం. అది నేర్చుకుంటే నువ్వు వేసే బొమ్మే మారుతుంది.

స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో ఫ్రేము (జాలీగుడ్డ బిగించిన చట్రం) కావాలి. లెక్క కోసం ఫ్రేము 600 అనుకో. నాలుగు రంగుల తోరణానికి 2,400. వేయించేది 50 సంచులే అయితే ఫ్రేముల ఖర్చే సంచికి 48 రూపాయలు. అదే బొమ్మను రెండు రంగుల్లోకి కుదించి, గుడ్డ రంగునే మూడో రంగుగా వాడితే 24. ఇట్లా కుదించడం డిజైనర్ పనే, చాలాసార్లు బొమ్మ ఇంకా గట్టిగా వస్తుంది కూడా. తోరణం మీది చెక్కడాలన్నీ దించాలని చూడకు. మిల్లీమీటరు కంటే సన్నని గీత ముతక గుడ్డ మీద విరుగుతుంది, లేదా పూడిపోతుంది. రెండు రంగులు కలిసేచోట కొంచెం ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా గీయి. లేకపోతే ఫ్రేము కాస్త జరిగినా మధ్యలో గుడ్డ సందుగా కనిపిస్తుంది. లాట్ మొత్తం తీసుకునే ముందు ఒక సంచిని మూడుసార్లు ఉతికి చూడు. ప్రింటుకు వేడి చాలకపోతే మొదటి ఉతుకులోనే రంగు వదులుతుంది.

ఇక ధర. ఇవి కూడా ఊహించిన అంకెలే, నీ అంకెలు నువ్వు పెట్టుకో. ఖాళీ సంచి 70, ఫ్రేములు 24, ప్రింటు కూలి రెండు రంగులకు 16, నీ డిజైన్ పని 12 గంటలు గంటకు వంద చొప్పున 1,200, అంటే సంచికి 24. మొత్తం 134. యాభైలో నాలుగు పాడవుతాయనుకో. 6,700 ఖర్చును 46 సంచులే మోయాలి, కాబట్టి ఒక్కోటి 146 పడుతుంది. కొత్తవాళ్ళు తమ కూలి వేసుకోరు, పాడైనవి లెక్కలోకి తీసుకోరు, అందుకే లాభం వచ్చినట్టే ఉంటుంది కానీ జేబులో ఏమీ మిగలదు.

దీనికంటే పెద్ద పొరపాటు దుకాణం దగ్గర జరుగుతుంది. షాపాయన "నాకు 35 శాతం" అంటే నువ్వు 146 మీద 35 శాతం కలిపి 197 అని రాస్తావు. ఆయన అడిగేది అమ్మకం ధర మీద. 197లో ఆయన 69 తీసుకుంటే నీకొచ్చేది 128, సంచికి 18 నష్టం. 146ను 0.65తో భాగించాలి. సుమారు 225 వస్తుంది, దానికి పైన పెడితేనే లాభం. హన్మకొండ చౌరస్తాలో ఆ ధరకు పోదనిపిస్తే దుకాణానికి ఇవ్వకు. రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు నేరుగా పట్టుకో.

ఆర్డర్ల కోసం పదిమందితో మాట్లాడు. "నా డిజైన్ ఎట్లుంది?" అని మాత్రం అడగొద్దు. "మస్తుంది" అంటారు, కొనరు. "పోయినసారి గృహప్రవేశానికి ఏం పంచారు, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఎక్కడ కొన్నారు, ఏది నచ్చలేదు?" అని అడుగు. జరిగిపోయిన ఖర్చు గురించి మనుషులు నిజమే చెప్తారు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళనే కస్టమర్లుగా లెక్కపెట్టు. పంచాంగం కూడా దగ్గర పెట్టుకో. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళుండవు, డబ్బు రాదు. ఆ నెలలకు ముందే సరుకు నింపుకున్నవాళ్ళ పెట్టుబడి ఇంట్లోనే ఇరుక్కుంటుంది. కొత్త డిజైన్లు వేసుకోవడానికి అదే సమయం.

ఎంత పెట్టాలి? సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 27 మంది అనుభవమున్న వ్యాపారులు నిర్ణయాలు ఎట్లా తీసుకుంటారో పరిశీలించి, 2001లో ఒక వ్యాసంలో ఈ ఆలోచనా పద్ధతిని వివరించారు. ఎంత లాభం వస్తుందన్న దానికంటే ఎంత పోయినా తట్టుకోగలమన్నది ముందు చూసుకోవడం, చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టడం అందులో ముఖ్యమైనవి. నువ్వు తట్టుకోగల నష్టం ఏడు వేలైతే 50 సంచులే, రెండొందలు కాదు. ఎక్కువ వేయిస్తే సంచికి ఖర్చు తగ్గుతుందని ప్రింటరు చెప్పేది నిజమే, కానీ అమ్ముడుపోనివి నీ మంచం కిందే ఉంటాయి.

సంచే అమ్మాలని లేదు, డిజైన్ అమ్మొచ్చు. కొత్తవాడ జంపఖానాలకు (వరంగల్ దరీలకు) 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. వాటికి డిజైన్ ఇవ్వాలంటే గ్రాఫ్ కాగితం మీద గళ్ళల్లో గీయాలి. నేతలో వంపు మెట్లుమెట్లుగా వస్తుంది, తోరణం వంపును నువ్వే మెట్లుగా విడగొట్టి ఇవ్వకపోతే మగ్గం దగ్గర వాళ్ళకు తోచినట్టు వస్తుంది. పడుగు (మగ్గం మీద నిలువుగా బిగించిన దారాలు) మార్చడం పెద్ద పని, కాబట్టి ఒకే పడుగు మీద పేక (అడ్డంగా నేసే దారం) రంగులు మారిస్తే వచ్చే మూడు నాలుగు రకాలు ఇవ్వు. నేతన్నకు గిట్టుబాటవుతుంది, నిన్ను మళ్ళీ పిలుస్తారు.

కాగితాల విషయం క్లాసులో త్వరగా దాటేస్తారు, నువ్వు దాటకు. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే ఏడాది అమ్మకాల హద్దు సరుకుల మీద చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు, తెలంగాణలో మాత్రం 20 లక్షలే. వేరే రాష్ట్రానికి సరుకు పంపితే రూల్స్ మారతాయి, ముందే ఒక అకౌంటెంట్‌ను అడుగు. కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్ళే. డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గ బొమ్మను రిజిస్టర్ చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువులపై వేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్ళుగా లెక్కిస్తారు. కాబట్టి ఏ డిజైన్, ఏ వస్తువు మీద, ఎన్ని కాపీలు, ఎంతకాలం, ఎంత డబ్బు, ఎప్పుడు అన్నది నాలుగు లైన్లలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాకే ఒరిజినల్ ఫైల్ పంపు. అప్పటిదాకా తక్కువ రిజల్యూషన్ ఫొటోనే చూపించు.