పాప నిద్రపోయేదాకా ఆ పరీక్షను ముగించనివ్వకండి

నెలలు నిండకుండా పుట్టిన బాబును ఇంగ్లండు నుంచి హైదరాబాదుకు తీసుకువెళ్లే ముందు ఆక్సిజన్ పరీక్ష చేయించమన్నారని, ఇంట్లో ఆక్సీమీటరు రక్తంలో ఆక్సిజన్ 97 శాతం చూపిస్తుండగా అది అవసరమా అని మీరు అడిగారు. అవసరమే. అంతకన్నా ముఖ్యం, ఆ పరీక్షను ఎంతసేపు చేస్తారన్నది.

నా కూతురు 27 వారాలకే పుట్టింది. ఇంటికి వచ్చాక కూడా కొంతకాలం ఆక్సిజన్ మీదే ఉంది. దాన్ని మానిపించిన కొద్ది వారాలకే, అన్నప్రాశన రాజమండ్రిలో మా అత్తగారింట జరగాలని పెద్దలు పట్టుబట్టారు. "రోజూ ఎంతమంది చంటిపిల్లలు విమానం ఎక్కడం లేదు?" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. వాళ్లందరూ 27 వారాలకు పుట్టిన పిల్లలు కారు కదా!

పరీక్ష రోజున పాపను ఒడిలో పెట్టుకొని ఒక చిన్న అద్దాల గదిలో కూర్చున్నాను. పాదానికి ఆక్సీమీటరు, ఛాతీకీ పొట్టకీ ఊపిరిని నమోదు చేసే రెండు పట్టీలు కట్టారు. తలుపు మూసి, నైట్రోజన్ కలుపుతూ గాలిలోని ఆక్సిజన్‌ను 21 శాతం నుంచి 15 శాతానికి తగ్గించారు. విమానంలో క్యాబిన్ పీడనం 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంతగా తగ్గవచ్చు కనుక, అక్కడ ఊపిరితిత్తులకు అందేది దాదాపు అంతే.

మొదట పాప గబగబా ఊపిరి తీసుకుంటూ 94 దగ్గర నిలబడింది. పది నిమిషాలకు టెక్నీషియన్ ఇక చాలన్నారు. పాప కళ్లు అప్పుడే మూతలు పడుతున్నాయి. పది గంటల ప్రయాణంలో పిల్ల నిద్రపోకుండా ఉంటుందా అని అడిగితే, ఆయన ఒప్పుకొని పరీక్షను కొనసాగించారు. నిద్ర పట్టిన కాసేపటికే తెరమీద ఊపిరి గీతలు చిన్నవయ్యాయి. నాలుగైదు ఊపిర్లు, కొంచెం విరామం, మళ్లీ నాలుగైదు. అంకె 91కి, 88కి, చివరికి 83కి దిగింది. పాప ఏడవలేదు, రంగు మారలేదు. నా ఒడిలోనే ఉన్నా నాకేమీ తెలియలేదు. శిశువులకు 85 కన్నా తగ్గితే విమానంలో ఆక్సిజన్ ఇవ్వాలి. ముక్కు గొట్టంతో నిమిషానికి ఒక లీటరు ఇవ్వగానే అంకె 97కి చేరింది.

ఆక్సిజన్ తగ్గితే పసిపిల్లల ఊపిరి మొదట పెరిగి, కొద్ది నిమిషాల్లోనే మందగిస్తుందని క్రాస్, ఓపే అనే ఇద్దరు వైద్యులు నెలలు నిండని శిశువుల మీద 1952లోనే చూపించారు. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత కణజాలం ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టి మెదడును హెచ్చరిస్తుంది. ఎదగని మెదడు ఆ హెచ్చరికను ఎక్కువసేపు పాటించదు. ఆ రోజు మా పాపలో కనిపించింది ఇదేనని, నిద్ర దాన్ని బయటపెట్టిందని నాకు సందేహం లేదు. అటువంటప్పుడు మెలకువగా ఉన్న పిల్లకు పది నిమిషాలు చూసి సరేననడం ఏ విధంగా న్యాయం? ముఖానికి మాస్కు బిగించి కొలవడం మీద కూడా నాకు ఇదే అభ్యంతరం, ఎందుకంటే ఆ స్పర్శకే పిల్లల ఊపిరి తీరు మారిపోతుంది.

కనుక మీ బాబు నిద్రవేళకు సరిపోయే సమయాన్ని అడిగి తీసుకోండి, పాలు అక్కడే పట్టించండి, నిద్రలో నమోదైన కనిష్ఠ అంకెను రిపోర్టులో విడిగా రాయించుకోండి. విమానంలో ఆక్సిజన్ కావాలంటే విమాన సంస్థకు ముందుగానే పంపవలసిన వైద్య పత్రంలో డాక్టరు నింపవలసింది ఆ అంకెను చూసే.