నోటితో రాయడం మొదలుపెట్టు

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మణికట్టు నొప్పి మళ్లీ మొదలైందనీ, అయినా గడువు దగ్గరపడిందని రాత్రిళ్లు కూర్చుని అనువాదం టైప్ చేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. ముందు డాక్టర్‌కు చూపించుకో, వాయిదా వేయకు. ఆ తర్వాత ఈ డిక్టేషన్ సంగతి, అంటే నోటితో చెప్తే అక్షరాలుగా పడే పద్ధతి.

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగావట. ఇప్పుడే వద్దు. గూగుల్ 2017లోనే వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది. నీ ఫోన్లో గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్ ఉంటే తెలుగు కీబోర్డ్ పెట్టుకుని మైకు బొమ్మ నొక్కితే చాలు. కంప్యూటర్ మీదైతే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగుకు మార్చుకో. పెద్ద పనికి ఇదే మేలు. ఫోన్లో కాసేపు ఆగితే మైకు తనంతట తనే ఆగిపోతుంటుంది. డబ్బు పెట్టాలనుకుంటే మైకు ఉన్న వైరు ఇయర్‌ఫోన్‌కు పెట్టు, కొన్ని వందల్లో వస్తుంది. మైకు నోటికి దగ్గరగా ఉండాలి, కానీ ఊపిరి నేరుగా తగలకూడదు. ఫ్యాన్ తగ్గించుకో.

అసలు కిటుకు చెప్తాను. చెప్పడం వేరు, దిద్దడం వేరు. రెండూ కలపకు. తెర మీద తప్పు కనబడగానే ఆగి దిద్దబోతే ఆలోచన తెగిపోతుంది, చేతికి శ్రమా తగ్గదు. మూలంలో ఒక పేరా చదువుకో, తెలుగులో వాక్యం మనసులో కుదిరాక మొత్తం ఒక్కసారి చెప్పు. మాట మాటకీ ఆగి ఒత్తి పలికితే అది ఇంకా తడబడుతుంది. ముందువెనక మాటలను బట్టే అది పోల్చుకుంటుంది మరి. మామూలుగా మాట్లాడే వేగమే సరైన వేగం. నువ్వు అనువాదం చేసేదానివి కాబట్టి ఇంకో లాభం కూడా ఉంది: నోటికి తిరగని వాక్యం అక్కడికక్కడే పట్టుబడుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చడానికి పెద్ద కారణం అదే.

దిద్దేటప్పుడు ల-ళ, న-ణ, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు ప్రత్యేకంగా చూసుకో. సమాసాలను విడగొట్టేస్తుంది. తెలుగులో కామాలు, ఫుల్‌స్టాప్‌లు చేత్తోనే పెట్టుకోవాలి. పాత్రల సంభాషణలు యాసలో ఉంటే వాటిని టైప్ చేసుకోవడమే నయం. మన శ్రీకాకుళం మాటలను అది పుస్తక భాషలోకి లాగేస్తుంది.

ప్రెస్ వాళ్లు అను ఫాంట్లలో, అంటే అచ్చుపనికి వాడే పాత తరహా తెలుగు ఫాంట్లలో, అడుగుతారేమో ముందే కనుక్కో. డిక్టేషన్‌లో వచ్చేది యూనికోడ్, అంటే ఫోన్లలో, నెట్‌లో కనబడే మామూలు తెలుగు. అను ఫాంట్లు కావాలంటే దాన్ని మార్చుకోవాలి. మార్చాక ఒత్తులు మళ్లీ ఒకసారి చూడాలి.

గూగుల్ పద్ధతిలో నీ గొంతు వాళ్ల సర్వర్లకు వెళ్తుంది. బ్యాంకు వివరాలు, పాస్‌వర్డ్‌లు, ఎవరైనా గుట్టుగా ఉంచమన్న కాగితాలు దానికి చెప్పకు. అలాంటి పనికి విస్పర్ అనే ప్రోగ్రామ్ ఉంది. ఓపెన్ ఏఐ వాళ్లు 2022లో ఉచితంగా విడుదల చేశారు. రికార్డు చేసిన గొంతును నెట్ లేకుండా నీ కంప్యూటర్‌లోనే అక్షరాల్లోకి మారుస్తుంది. పాత కంప్యూటర్ అయితే నెమ్మదిగా నడుస్తుంది. తెలుగులో తప్పులు ఇంగ్లిష్‌లో కంటే ఎక్కువే.

గొంతుకూ అలసట ఉంటుంది. పక్కన మంచినీళ్లు పెట్టుకో, మధ్యలో లేచి తిరుగు.

రేపు ఒక్క పేజీ చెప్పి, దిద్దకుండా ఉన్నదున్నట్టు నాకు పంపు. ఏ తప్పులు మాటిమాటికీ వస్తున్నాయో చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ