విరిగిన ముక్కలను జోడించి చూడకు

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగంలో నువ్వు చేరబోతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. చెబుతున్నంతసేపూ దాని గొంతులో సంతోషం కన్నా దిగులే ఎక్కువగా వినిపించింది. ఫోను పెట్టేశాక నాకూ చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్లు హ్యాంగర్లలో గడిపి, అందులో కొన్నేళ్లు ప్రమాద స్థలాల్లో శకలాల మధ్య తిరిగినవాణ్ణి. మన ఇంటి ఆడపిల్ల ఆ పనికి ఎంపికైందంటే గర్వంగా ఉంది. అక్కడ ఏమేం చూడవలసి వస్తుందో తెలుసు కనుక భయంగానూ ఉంది. పగలు మాట్లాడితే ఈ రెండూ కలగాపులగం అవుతాయని, తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

శిక్షణలో నీకు ఎలాగూ నేర్పే సంగతులను పెద్దగా విస్తరించను. మంటలు పూర్తిగా ఆరాయని అగ్నిమాపక సిబ్బంది చెప్పేదాకా లోపలికి అడుగు పెట్టకు. ఏ ముక్కనైనా కదిలించక ముందే ఫొటో తీయాలి, అది పడి ఉన్న చోటు గుర్తించాలి. ముక్కు, తోక, రెండు రెక్కల చివర్లు, ఈ నాలుగూ ఆ స్థలంలోనే ఉన్నాయా అని మొదట చూసుకో. వాటిలో ఒకటి లేకపోతే విమానం గాలిలోనే విడిపోవడం మొదలైందేమో ఆలోచించాలి. ఇంధనం నింపిన ట్యాంకరు నుంచి నమూనా తీయించు, మెయింటెనెన్సు లాగ్ బుక్కులకు అదే రోజు సీలు వేయించు. ఈ కాలపు విమానాల్లో కార్బన్ ఫైబర్ ఎక్కువ. కాలిన తరువాత దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది కనుక, ఉక్కపోస్తోందని మాస్కు తీయకు. ఈ చివరి మాటను సలహాగా కాదు, ఆజ్ఞగా తీసుకో.

ఇక నేను అసలు రాయదలచుకున్న విషయానికి వస్తాను. ఇది ఇంతవరకు మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నలభై ఏళ్ల క్రితం, నేను ఉద్యోగంలో ఇంకా కుదురుకోని రోజుల్లో, ఒక చిన్న విమానాశ్రయంలో దిగుతున్న విమానానికి ఎడమవైపు ల్యాండింగ్ గేర్, అంటే చక్రాలుండే కాలు, విరిగింది. విమానం పక్కకు ఒరిగి, రన్‌వే మీద ఒరుసుకుంటూ పోయి గడ్డిలో ఆగింది. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణాలూ పోలేదు. నేను వెళ్ళేసరికి చీకటి పడింది, సన్నగా వాన పడుతోంది. విరిగిన కాలు రెండు ముక్కలుగా బురదలో పడి ఉంది. పైలట్ అప్పటికే వాంగ్మూలం ఇచ్చాడు: దింపడం మెత్తగానే జరిగిందని, చక్రాలు నేలను తాకిన తరువాత ఒక క్షణం మామూలుగానే పరుగెత్తాయని, ఆపైన ఎడమవైపు నుంచి కర్ర విరిగినట్టు చప్పుడు వచ్చిందని. నేను ఆ మాటలను నోటు పుస్తకంలో రాసుకున్నానే గానీ నమ్మలేదు. ప్రతి పైలటూ మెత్తగానే దింపానంటాడని మనసులో అనుకున్నాను. విమానాన్ని బలంగా నేలకు కొట్టాడని, అందుకే కాలు విరిగిందని, శకలాలను చూడక ముందే తేల్చేసుకున్నాను.

ఆ తరువాత చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు చల్లబడతాయి. టార్చి వెలుగులో రెండు ముక్కలనూ పైకెత్తి, విరిగిన చోట్ల అంటిన బురదను కిరసనాయిలు గుడ్డతో గట్టిగా తుడిచి, ఒకదానితో ఒకటి సరిపోతాయో లేదోనని జోడించి చూశాను. పక్కనున్న వాళ్లకు నా నేర్పు చూపించాలన్న ఆరాటం కూడా అందులో ఉంది. అవి సరిగ్గా అతికాయి. సరిపోయాయని తృప్తిపడి, మరోసారి తిప్పి జోడించాను. అప్పుడు మా పెద్దాయన, అంటే నా పై అధికారి, వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. కోప్పడలేదు. ఆ రెండు ముక్కలనూ విడివిడిగా పొడి గుడ్డల్లో చుట్టించి, ఆ రాత్రంతా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

లోహం విరిగిన ముఖం ఒక సాక్ష్యం, శ్రావణీ. ఒక్క దెబ్బకు విరిగిన లోహం ముఖం ఒక రకంగా ఉంటుంది. వేల సార్లు బరువు మోసి మోసి, కొంచెం కొంచెంగా పగులు పెరిగి విరిగిన లోహం ముఖం వేరుగా ఉంటుంది. ఏటి ఒడ్డున నీరు తగ్గుతూ వదిలిన గీతల వంటి సన్నని చారలు దాని మీద కనిపిస్తాయి. అలసటతో వచ్చిన ఆ పగులు ఎక్కడ పుట్టిందో, ఎటు పాకిందో ఆ చారలే చెబుతాయి. మైక్రోస్కోపు కింద మాత్రమే కనిపించే గుర్తులు ఇంకా ఉంటాయి. రెండు ముఖాలనూ ఒకదానికొకటి ఆనించి అదిమితే ఆ గుర్తులు నలిగిపోతాయి. పగులు పాతదో కొత్తదో చెప్పగల తుప్పు మరక ఉంటే, దాన్ని కిరసనాయిలు గుడ్డ తుడిచివేస్తుంది. ప్రయోగశాల నుంచి వచ్చిన కాగితంలో, ముఖాలు చెడిపోయినందున పాత పగులు ఉన్నదీ లేనిదీ నిర్ధారించలేమని రాశారు. మిగిలిన ఆధారాలు పలచగా ఉన్నాయి. నివేదికలో బలమైన ల్యాండింగ్ వల్ల జరిగి ఉండవచ్చని వచ్చింది. ఆ పైలట్‌ను కెప్టెన్ బాధ్యత నుంచి తప్పించారు.

కొన్ని నెలల తరువాత వర్క్‌షాపులో అదే రకం విమానపు అదే భాగాన్ని పరీక్షిస్తుంటే, అదే చోట వెంట్రుక మందాన ఒక పగులు కనబడింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ పైలట్ చెప్పిన చప్పుడు నాకు అప్పుడు వినిపించింది. జరిగినదంతా రాసి మా పెద్దాయనకు ఇచ్చాను. ఆయన పైకి పంపారు. భాగాలన్నింటినీ తనిఖీ చేయించారు గానీ, పాత నివేదికను మళ్లీ తెరవలేదు. పైలట్‌కు నేను నేరుగా ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చుని, రాయలేక లేచిపోయాను. తరువాత ఆయన ఎక్కడున్నాడో తెలియలేదు. నేను చెడగొట్టింది లోహాన్నే కాదు. ఆ ముక్కలను ముట్టుకోక ముందే, నా మనసులో ఆయన మాటను చెరిపేశాను. చేయి ఆ తరువాత తొందరపడింది.

అందుకే నీ విషయంలో నా భయం శవాలను చూసి నువ్వు తట్టుకోలేవేమోనని కాదు. మీ అమ్మకు ఉన్న భయం అది. నీ చురుకుతనం నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆగిపోయిన గోడ గడియారాన్ని, నేను స్క్రూడ్రైవరు తెచ్చేలోపే విప్పేసి కూర్చున్నావు. ఆ చురుకుతనమే మొదటి గంటలో నీకు శత్రువు కావచ్చు.

మా పెద్దాయన తరువాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చాలా నేర్పారు. ఒకసారి హెచ్చరిక దీపపు చిన్న బల్బును నా అరచేతిలో పెట్టి, తన భూతద్దంలోంచి చూడమన్నారు. లోపలి తీగ చుట్టలు సాగి, వదులై, ఒక పక్కకు వేలాడుతున్నాయి. దెబ్బ తగిలిన క్షణంలో దీపం వెలుగుతూ ఉంటే వేడెక్కిన తీగ సాగుతుందని, ఆరి ఉంటే చల్లని తీగ పెళుసుగా పుటుక్కున తెగుతుందని వివరించారు. బియ్యపు గింజంత బల్బు, చివరి క్షణంలో పైలట్ ముందు ఏ హెచ్చరిక వెలుగుతోందో చెప్పగలదు. ఇంజను ఫ్యాన్ రెక్కలు తిరిగే దిశకు ఎదురుగా వంగి ఉంటే, నేలను తాకినప్పుడు ఇంజను తిరుగుతూనే ఉందని అర్థం. ఇప్పుడు డేటా రికార్డర్లలో వందల కొద్దీ అంకెలు దొరుకుతాయి, ఎల్ఈడీ దీపాల్లో తీగే ఉండదు. అయినా రికార్డరు చెప్పిన దానికి వస్తువు సాక్ష్యం పలుకుతోందా అని చూసే అలవాటు మానుకోకు.

ఎంత చిన్న ముక్కయినా ఎంత ముఖ్యమో తెలియాలంటే 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో కూలిన డీసీ-10 సంగతి చదువు. తోకలోని ఇంజను ఫ్యాన్ డిస్కు గాలిలో పగిలి, విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెగగొట్టింది. ఆ డిస్కు ముక్కలు అయోవా మొక్కజొన్న చేలల్లో పడి, నెలల తరబడి దొరకలేదు. అక్టోబరులో కోతలప్పుడు ఒక రైతుకు దొరికాయి. దాని ముఖం మీద, టైటానియం పోత పోసినప్పటి లోపం నుంచి పుట్టిన అలసట పగులు స్పష్టంగా ఉంది. ఆ రైతు దాన్ని తుడిచి, అతికించి చూసి ఉంటే ఏమయ్యేదోనని నేను ఎప్పుడూ అనుకుంటాను. 1985లో జపాన్‌లో 520 మందిని బలిగొన్న జంబో జెట్ ప్రమాదం కూడా అటువంటిదే. ఏడేళ్ల ముందు ఒసాకాలో తోక నేలకు తగిలినప్పుడు, క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడకు చేసిన మరమ్మతులో, రెండు వరసల రివెట్లు మోయవలసిన భారం ఒకే వరస మీద పడింది. కొండ మీద దొరికిన ఆ గోడ ముక్కలే ఆ సంగతి బయటపెట్టాయి.

ఇంకొక మాట. పైలట్ తప్పిదం అని రాసి కలం మూయకు. 2010 మే 22న మంగళూరులో జరిగిన ప్రమాదం మీద వచ్చిన నివేదికను నేను చాలాసార్లు చదివాను. దుబాయి నుంచి వచ్చిన ఆ విమానంలో 166 మంది ఉంటే ఎనిమిది మందే బతికారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని కాక్‌పిట్ వాయిస్ రికార్డరు చెప్పింది. విమానం ఉండవలసిన దానికన్నా చాలా ఎత్తులో వస్తోందని కో-పైలట్ గమనించి, గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని, మూడుసార్లు అన్నాడు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక చక్రాలు తాకాయి. ఇక్కడితో ఆపితే తప్పంతా చనిపోయిన ఒక్క మనిషిది అవుతుంది. నివేదిక అంతటితో ఆగలేదు. రెండు రోజులుగా రాడార్ పనిచేయలేదని, అందువల్ల ఎత్తు తగ్గించుకుంటూ రావడానికి అనుమతి ఆలస్యమైందని, లోయ అంచున ఉన్న ఆ రన్‌వే చివర ఎంత ప్రమాదకరమో కూడా రాసింది. మూడుసార్లు చెప్పినా రెండో పైలట్ చొరవ తీసుకుని విమానాన్ని పైకి ఎందుకు లేపలేకపోయాడన్న ప్రశ్నకు, మన దేశంలో పెద్దవాళ్ల మాట కాదనలేని అలవాటుకు ఏమైనా సంబంధం ఉందా అని నాకు అనిపిస్తుంది. ఇది నివేదికలోని మాట కాదు, నా ఆలోచన మాత్రమే. నువ్వు కూడా చిన్నదానివి కనుక అడుగుతున్నాను: ఒక సీనియర్ అధికారి తొందరపడి తీర్మానిస్తుంటే, గట్టిగా కాదని చెప్పు. మూడుసార్లు చెప్పి ఊరుకోకు, రాతపూర్వకంగా ఇవ్వు.

అహ్మదాబాద్ ప్రమాదం జరిగిన 2025 జూన్ 12 నుంచి ఇంటింటా టీవీల్లో తీర్పులు మొదలయ్యాయి. అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికలోని 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఉద్దేశం ఒక్కటే, ఇటువంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడడం. తప్పు ఎవరిదో పంచడం దాని పని కాదు. ఈ వాక్యాన్ని నువ్వు పరీక్షల కోసం బట్టీ పట్టి ఉంటావు. ప్రమాద స్థలంలో ఒక తల్లి నీ చేయి పట్టుకుని, ఎవరు చేశారమ్మా ఇది అని అడిగినప్పుడు, ఆ వాక్యం గొంతులోంచి రాదు. ఆవిడకు నిబంధనలు చెప్పకు. ఇంకా చూస్తున్నామమ్మా అని నిజం చెప్పి, పక్కన కూర్చో.

రోజూ వేళకు తిను, నీళ్లు తాగు. సైటు నుంచి వచ్చిన రాత్రి ఒంటరిగా గదిలో ఉండిపోకుండా మీ అమ్మకు ఫోను చెయ్యి. ఏం చూశావో చెప్పనక్కరలేదు, అక్కడ వాన పడుతోందో లేదో చెప్పినా దానికి చాలు. మా పెద్దాయన నాకిచ్చిన భూతద్దం వచ్చే వారం పంపిస్తాను. పిడి కొంచెం వదులైంది, జాగ్రత్త.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా పాత నోటు పుస్తకం చూపిస్తాను. ఆ పైలట్ చెప్పిన మాటలు అందులో నాలుగు వరసల్లో ఉన్నాయి. నిదానంగా చదివి, ఆ రాత్రి నా స్థానంలో నువ్వుంటే ఆయనను ఏ ప్రశ్న అడిగి ఉండేదానివో నాకు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య