సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 కొనేటప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్నదే ఎందుకు తీసుకోమంటానంటే

"పీఎస్5 కొందామనుకుంటున్నాను, డిస్క్ ఉన్నదానికీ లేనిదానికీ దాదాపు పదివేలు తేడా ఉంది, ఏది తీసుకోవాలి, అసలు అంత డబ్బు పెట్టేంత మంచి గేమ్స్ ఇప్పుడు వస్తున్నాయా?" అని ఒకరు అడిగారు. గేమ్స్ బాగానే వస్తున్నాయి. డిస్క్ ఉన్నదే తీసుకోండి.

పెద్ద గేమ్ ఏదైనా కొత్తగా వచ్చినప్పుడు మన దగ్గర ఐదువేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. ఉద్యోగం చేసేవాళ్లకి కూడా అది ఆలోచించాల్సిన ఖర్చే, ఇక చదువుకునే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. నేను మాత్రం గేమ్ వచ్చిన రెండు మూడు నెలలకి సెకండ్ హ్యాండ్ డిస్క్ కొని, పూర్తి చేసి, కొన్న ధర మీద కొంచెం తగ్గించి అమ్మేస్తాను. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అలాగే ఆడాను, ఎల్డెన్ రింగ్ కూడా అంతే, కాకపోతే ఆ రెండోది అమ్మడానికి మనసొప్పక ఇంట్లోనే పెట్టుకున్నాను. విజయవాడలో ఉండే మా పెద్దమ్మ కొడుకూ నేనూ డిస్కులు కొరియర్‌లో మార్చుకుంటాం, ఇద్దరం కలిసి ఒకే గేమ్ డబ్బుతో రెండు గేమ్స్ ఆడేస్తాం. ఇలా నాలుగైదు గేమ్స్ ఆడేసరికి ఆ పదివేలు తిరిగి వచ్చేస్తాయి. డ్రైవ్ లేనిదాంట్లో డౌన్‌లోడ్ గేమ్సే నడుస్తాయి, డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్‌ని అమ్మలేం, ఇంకో ఊళ్లో ఉన్న తమ్ముడికి పంపలేం. ఆన్‌లైన్ స్టోర్‌లో సేల్స్ వస్తాయి, పాత గేమ్స్ సగం ధరకీ అంతకంటే తక్కువకీ దొరుకుతాయి, నిజమే, కానీ ఆ ధర ఎప్పుడు తగ్గాలో వాళ్లు నిర్ణయిస్తారు, సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లోనో ఇంకో షాపులోనో కూర్చుని బేరమాడినట్టు ఉండదు.

కంపెనీలకి ఈ సెకండ్ హ్యాండ్ వ్యవహారం గిట్టదు, నాకు నిజంగా కోపం తెప్పించేది అదే. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎస్5 ప్రోలో డిస్క్ డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ 2కి గేమ్-కీ కార్డులని తెచ్చారు, కార్డు చేతిలో ఉంటుంది కానీ గేమ్ అందులో ఉండదు, నెట్ పెట్టి మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. ఇక ద క్రూ అని ఒక కార్ల గేమ్, 2024 మార్చి 31న దాన్ని తెచ్చిన కంపెనీ ఉబిసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది, ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన గేమ్ కాబట్టి డిస్క్ ఉన్నవాళ్లకి కూడా ఏమీ మిగల్లేదు. దాని మీద యూరప్‌లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని ఉద్యమమే నడిచింది, సంతకాలు పది లక్షలు దాటాయి. డబ్బులిచ్చి కొన్నది మనదే అనుకునే హక్కు కోసం జనం అంతగా కదిలినందుకు నాకు చాలా సంతోషంగా అనిపించింది.

గేమ్స్ విషయానికొస్తే, అందరూ సంవత్సరాల తరబడి అదే గేమ్ ఆడుతూ అందులోనే డబ్బు పెట్టాలనే ఆశతో పెద్ద కంపెనీలు ఆన్‌లైన్ గేమ్స్ వెంట పడ్డాయి. సోనీ కాంకార్డ్ సంగతి చూడండి, 2024 ఆగస్టు 23న విడుదలైంది, సెప్టెంబర్ 6న ఆపేసి కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇచ్చేశారు, తర్వాత ఆ స్టూడియోనే మూసేశారు. సరిగ్గా ఆ సెప్టెంబర్ 6నే అదే సోనీ నుంచి ఆస్ట్రో బాట్ వచ్చింది, ఒక్కళ్లే కూర్చుని ఆడుకునే గేమ్, ప్రతి లెవెల్‌లో ఏదో ఒక కొత్త ఆలోచన, ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ అదే. 2025లో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న టీమ్ చేసిన క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33కి అదే అవార్డు వచ్చింది, అది కూడా అమెరికాలో 70 డాలర్ల రోజుల్లో 50 డాలర్లకే అమ్మారు. ఆన్‌లైన్ గేమ్స్ అన్నీ చెత్త అని నేననను, హెల్‌డైవర్స్ 2 స్నేహితులతో ఆడితే వచ్చే మజా వేరు. కానీ నాకు గుర్తుండిపోయినవన్నీ మొదలూ చివరా ఉన్న గేమ్సే.

మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్ తీసుకోవాలా అని కూడా మధ్యలో అడిగారు కాబట్టి, ఇప్పుడైతే వద్దనే చెబుతాను. దాని పెద్ద గేమ్సే పీఎస్5కి వస్తున్నాయి, ఫోర్జా హొరైజన్ 5 ఎప్పుడో వచ్చేసింది, హేలో కూడా వస్తుందని ప్రకటించారు. నెలనెలా డబ్బు కట్టి బోలెడు గేమ్స్ ఆడుకునే ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ ఒకప్పుడు నిజంగా చవక, కానీ అందులో పై ప్లాన్ అల్టిమేట్ ధర 2025 అక్టోబర్‌లో మన దేశంలో కొత్తగా చేరేవాళ్లకి నెలకి 829 నుంచి 1,389 రూపాయలకి పెంచేశారు. ధర తగ్గేదాకా ఆగుదామనుకోకండి, పాత రోజుల్లో కన్సోల్ ధర ఏళ్లు గడిచేకొద్దీ తగ్గేది, పీఎస్5 మాత్రం ఇక్కడ 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చి మరుసటి ఏడాది చివర్లో 54,990 అయింది. పండగ సేల్స్‌లో కొంత తగ్గిస్తారు, అప్పుడు కొనండి.

మొదట ఆస్ట్రో బాట్ తీసుకోండి. ఇంట్లో చెల్లో తమ్ముడో ఉంటే స్ప్లిట్ ఫిక్షన్, అది ఇద్దరు కలిసే ఆడాలి, వేరే ఊళ్లో ఉన్నవాళ్లయినా ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా చేరొచ్చు. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు వెనక గీతలు చూడటంతో పాటు ఏ రీజియన్‌దో అడగండి, డిస్క్ ఏ దేశానిదైనా ఆడుతుంది కానీ తర్వాత కొనే అదనపు భాగాలు మీ అకౌంట్ రీజియన్‌తో కలవకపోతే పనిచేయవు.