బిలిరుబిన్ ఎక్కువొచ్చిందా? ముందురోజు ఏం తిన్నారో గుర్తుచేసుకోండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఉద్యోగంలో చేరేముందు చేయించిన రక్తపరీక్షలో టోటల్ బిలిరుబిన్ 2.3, డైరెక్ట్ 0.4 వచ్చాయి. ఎస్‌జీపీటీ 24, ఎస్‌జీఓటీ 22, హిమోగ్లోబిన్ 15.1. అంతకుముందు రోజు పెరటాసి శనివారం. ఒక్కపొద్దుండి అలిపిరి మెట్లెక్కి కొండకు పోయొచ్చి, ఆదివారం పొద్దున్నే రక్తమిచ్చాను. ఇంట్లో పచ్చకామెర్లంటున్నారు. మా అవ్వ పసరు తాగమంటోంది, దానికి పదిరోజులు ఉప్పూ నూనె లేని పత్యమట. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పసరుకు తొందరపడకండి. మీ రిపోర్టులో 2.3 కంటే పక్కనున్న 0.4 మాకు ఎక్కువ సంగతులు చెబుతోంది.

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కాలం తీరిన కణం విరిగినప్పుడు అందులోని హీమ్ అనే ఎర్ర పదార్థం నుంచి బిలిరుబిన్ అనే పసుపురంగు పదార్థం పుడుతుంది. అప్పటికి అది నీళ్లలో కరగదు. దీన్నే ఇన్‌డైరెక్ట్ అంటారు. కాలేయం దానికి గ్లుకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి కరిగేలా చేస్తే డైరెక్ట్ అవుతుంది, పైత్యరసంతో కలిసి పేగులోకి పోతుంది. మీ 2.3లో డైరెక్ట్ 17 శాతమే. ఈ వాటా 20 శాతం లోపు ఉండి, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే కాలేయ ఎంజైములు కూడా మామూలుగా ఉన్నాయంటే పైత్యనాళంలో రాయి, వైరల్ హెపటైటిస్ లాంటివి దాదాపు పక్కకు తప్పుకుంటాయి. ఇక మిగిలేవి రెండు: రక్తకణాలు ఎక్కువగా విరుగుతుండాలి, లేదా కాలేయంలో ఆ తగిలించే పని నిదానంగా సాగుతుండాలి. హిమోగ్లోబిన్ తగ్గకుండా 15.1 ఉంది కాబట్టి రెండోదానికే అవకాశమెక్కువ. దానికి గిల్బర్ట్ సిండ్రోమ్ అని పేరు. పుట్టుకతో వచ్చే లక్షణమిది. ఆ తగిలించే పని చేసే యూజీటీ1ఏ1 అనే ఎంజైము పనితనం మామూలులో మూడోవంతుకు అటూఇటుగా ఉంటుంది. నూటికి 5 నుంచి 10 మందిలో కనిపిస్తుంది. కాలేయాన్ని చెడగొట్టదు.

ఇలాంటివాళ్లకు ఉపవాసం చేస్తే అంకె పైకి పోతుంది. రోజుకు 400 కేలరీల తిండితో రెండురోజులుంటే ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ రెండు మూడింతలవుతుంది. కడుపునిండా తింటే ఒకరోజులోనే దిగుతుంది. ఒకప్పుడు డాక్టర్లు ఈ ఉపవాసాన్నే పరీక్షగా పెట్టి గిల్బర్ట్‌ను తేల్చేవాళ్లు. ఒంట్లో నీళ్లు తగ్గడం, ఒళ్లు అలిసేంత శ్రమ, నిద్రలేమి, జ్వరం కూడా దీన్ని పెంచుతాయి. మీరు ఒక్కపొద్దుతో 3,550 మెట్లెక్కి, మళ్లీ రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండి రక్తమిచ్చారు. అంకె పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

పత్యం సంగతి కూడా ఇందుకే చెప్పాలి. పదిరోజులు చప్పిడి కూడుతో అర్ధాకలిగా ఉంటే గిల్బర్ట్ మనిషికి బిలిరుబిన్ తగ్గదు సరికదా, పెరుగుతుంది. పత్యం విడిచి సంగటీ పులుసూ తిన్న మర్నాడు అది దిగితే ఆ పేరు పసరుకు పోతుంది. పైగా ఆ పసరులో ఏమేం నూరారో ఎవరికీ తెలియదు. ఆకుమందు కదా, ఏం కాదులే అనుకోకండి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో కాలేయం వాచిన కేసులను మన దేశపు వైద్యులే బయటపెట్టారు.

మళ్లీ పరీక్ష చేయించండి, కానీ పద్ధతిగా. ముందు మూడురోజులు మూడుపూటలా తినండి, నీళ్లు బాగా తాగండి, మద్యం ముట్టొద్దు. చివరి రెండురోజులు జిమ్ముకూ కొండకూ విరామం. బిలిరుబిన్ ఒక్కటే అయితే పొద్దున ఇడ్లీ తినే పోవచ్చు. అదే రక్తంతో షుగరు, కొలెస్ట్రాల్ కూడా చూడాలంటే రాత్రి 9కి తిని పొద్దున 7కల్లా రక్తమివ్వండి. ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్షలు)తోపాటు సీబీసీ (రక్తకణాల లెక్క), రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క), ఎల్‌డీహెచ్ (కణాలు విరిగితే పెరిగే ఎంజైము), పెరిఫెరల్ స్మియర్ (రక్తకణాలను మైక్రోస్కోపులో చూడటం) కూడా రాయించుకోండి. రెటిక్యులోసైట్లు, ఎల్‌డీహెచ్ ఎక్కువొస్తే రక్తకణాలు విరుగుతున్నాయేమో చూడాలి. అవి బాగుండి, అంకె 3 దాటకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే గిల్బర్ట్ అనుకోవచ్చు. మందు అక్కర్లేదు. ఎప్పుడైనా క్యాన్సర్‌కు ఇరినోటెకాన్, హెచ్‌ఐవీకి అటజనవిర్ అనే మందులు రాయాల్సివస్తే మాత్రం ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, మలం సున్నంలా తెల్లబడినా, ఒళ్లంతా దురదపెట్టినా, కామెర్లతో జ్వరం, కడుపునొప్పి వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి పోవాలి. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ మూత్రంలోకి దిగదు. రంగు మారిందంటే డైరెక్ట్ పెరిగి ఉండొచ్చు.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతారు. ఎస్‌జీఓటీ 78, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.4 లక్షలు. బిలిరుబిన్ మాత్రం 1.1. ‘బిలిరుబిన్ నార్మలే, లివర్‌కేం కాలేదు’ అంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఆ ధీమాకు ఆధారం లేదమ్మా. కాలేయానికి మిగులు శక్తి ఎక్కువ. చాలావరకు గట్టిపడిపోయాక కూడా బిలిరుబిన్‌ను నెట్టుకొస్తూనే ఉంటుంది. అది పెరిగేనాటికి ఆలస్యమై ఉంటుంది.

మీరు పంపిన మిగతా అంకెలు చూడండి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటింది. తాగుడువల్ల దెబ్బతిన్న కాలేయంలో తరచూ కనిపించే పోలికిది. ప్లేట్‌లెట్లు మామూలు హద్దయిన 1.5 లక్షల కిందికి వచ్చాయి. కాలేయం గట్టిపడిందేమో అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. వయసును ఎస్‌జీఓటీతో గుణిస్తే 4,056. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని (140), ఎస్‌జీపీటీ వర్గమూలంతో (36కు 6) గుణిస్తే 840. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.8. ఇది 1.3 లోపుంటే పెద్ద భయం లేదు. 2.67 దాటితే కాలేయం గట్టిపడిందని అనుమానించాలి. ఈమధ్య తాగి ఉంటే ఎస్‌జీఓటీ పెరిగి ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. అయినా 4.8ని వదిలేయడానికి లేదు. ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రోటీను), పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష), కడుపు స్కానింగు, ఫైబ్రోస్కాన్ (కాలేయం గట్టిదనాన్ని కొలిచే స్కాన్) చేయించండి. తిరుపతిలో స్విమ్స్‌కు గానీ, మీకు దగ్గరని వెల్లూరు సీఎంసీకి గానీ పోయి గ్యాస్ట్రో డాక్టరుకు చూపించండి.

ఒక జాగ్రత్త. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్సు, మతిభ్రమ రావచ్చు. మాన్పించాల్సిందే, కానీ డాక్టరు పర్యవేక్షణలో.

ప్రశ్న: నాకు షుగరుంది, రోజుకు పది సిగరెట్లు కాలుస్తాను. బిలిరుబిన్ 0.3. తక్కువుంటే గుండెకు మంచిది కాదని వాట్సాప్‌లో వచ్చింది. పెంచే మందుందా?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: వాట్సాప్ మాటలో సగం నిజం ఉంది. బిలిరుబిన్ యాంటీ ఆక్సిడెంటుగా పనిచేస్తుంది. నార్మల్ హద్దుల్లోనే కాస్త ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బు, షుగరు తక్కువగా కనిపిస్తాయి. పొగతాగేవాళ్లలో, పొట్ట పెరిగినవాళ్లలో, ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో ఇది తగ్గి ఉంటుంది. అంతమాత్రాన దాన్ని పెంచితే గుండె బాగుపడుతుందని కాదు. పుట్టుకతోనే బిలిరుబిన్ ఎక్కువుండే జన్యువున్నవాళ్లను పరిశీలించిన పెద్ద అధ్యయనంలో గుండెకు ఆ రక్షణ కనిపించలేదు. 0.3కు కారణం సిగరెట్టూ పొట్టా అయితే, గుండెను దెబ్బతీసేవీ అవే. మందు లేదు, అక్కర్లేదు కూడా. సిగరెట్టు మానితే వారాల్లో అంకె కొంచెం పెరుగుతుంది, బరువు తగ్గినా పెరుగుతుంది. మీరు చూసుకోవాల్సింది నడుం కొలత 90 సెంటీమీటర్ల లోపుందా, హెచ్‌బీఏ1సీ (మూడునెలల సగటు షుగరు), బీపీ ఎంతున్నాయి అన్నవి. హిమోగ్లోబిన్ కూడా చూపించండి. ఐరన్ తక్కువైన రక్తహీనతలోనూ బిలిరుబిన్ తగ్గుతుంది.

ప్రశ్న: ఒక ల్యాబులో 1.6, మర్నాడు ఇంకో ల్యాబులో 1.1. ఏది నమ్మాలి?
– ఓ పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. మొదటిరోజు ఎంతసేపు పస్తున్నారో చూసుకోండి. అదొక్కటే కాదు, బిలిరుబిన్‌కు వెలుతురు పడదు. రక్తం తీసిన ట్యూబును కిటికీ పక్కనో, ఎండలో బండిమీదనో గంటలకొద్దీ ఉంచితే అంకె పడిపోతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్లను ట్యూబు మూసిపెట్టి తీసుకుపొమ్మని అడగండి. సూదిలోంచి గట్టిగా లాగినప్పుడు కణాలు పగిలినా లెక్క తప్పుతుంది. రిపోర్టులో ‘హీమోలైజ్డ్’ (కణాలు పగిలాయి) అని ఉంటే మళ్లీ ఇవ్వడమే మేలు. ఇకమీదట ఒకే ల్యాబులో, ఒకే వేళకు చేయించుకోండి.

ప్రశ్న: మా పాప అరచేతులు పచ్చగా ఉన్నాయి. కూరల్లో పసుపు మానేయాలా?
– ఓ తల్లి, పుత్తూరు

జవాబు: పసుపు తింటే కామెర్లు రావు. పగటి వెలుతురులో పాప కనుగుడ్డు తెల్లభాగం చూడండి. అది తెల్లగానే ఉండి అరచేతులు, అరికాళ్లు మాత్రమే పచ్చబడితే క్యారెట్, బొప్పాయి ఎక్కువ తినిపిస్తున్నారేమో ఆలోచించండి. వాటిలోని కెరోటిన్ రంగది, తగ్గిస్తే కొన్ని వారాల్లో పోతుంది. కళ్లు కూడా పచ్చబడి ఉంటే ఈరోజే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.