టెర్మినల్లో మెయిల్ లింకులు తెరవడం గురించి మా మేనల్లుడికి

చిన్నా,

మట్ (టెర్మినల్లోనే మెయిల్ చదివే ప్రోగ్రామ్) వాడటం మొదలెట్టావన్నావు, మంచిదే, ఒకసారి చెయ్యి అలవాటు పడితే ఇంకోదానికి పోబుద్ధి కాదు. కాకపోతే ఎక్స్‌డీజీ-ఓపెన్‌కి (లింకుని బ్రౌజర్లో తెరిచే లినక్స్ కమాండ్) లింకు ఇస్తే పేజీ వస్తోంది గానీ తప్పు పేజీ వస్తోంది, టెర్మినల్లో బ్రాకెట్ల మధ్య 1 అని, పక్కన ఏదో పెద్ద నంబరు పడుతోంది అని రాశావు కదా, అది చదవగానే తెలిసిపోయింది నువ్వు లింకుకి కోట్స్ పెట్టకుండా పేస్ట్ చేస్తున్నావని.

షెల్‌కి, అంటే నువ్వు టెర్మినల్లో కొట్టిన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్‌కి, అది లింకని తెలీదురా. వచ్చిన లైన్లో తనకి అర్థమున్న గుర్తు ఏది కనబడినా ముందు దాని పని కానిచ్చేస్తుంది. & కనబడితే దానికి ముందున్నదంతా బ్యాక్‌గ్రౌండ్‌లో నడపమని అర్థం. లింకు చివర ?ఐడీ=42&టోకెన్=77 అని ఉందనుకో, ఐడీ=42 దాకా తీసుకుని ఎక్స్‌డీజీ-ఓపెన్‌కి ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్‌కి తోసేస్తుంది, నువ్వు చూసిన ఆ 1 జాబ్ నంబరు, పక్కన పెద్దది ప్రాసెస్ నంబరు. మరి మిగిలిన టోకెన్=77 ఏమైంది అంటావా, దాన్ని కూడా షెల్ కమాండ్ లాగే చదివింది, టోకెన్ అనే వేరియబుల్లో (విలువ దాచుకునే పేరులో) 77 పెట్టుకుని ఊరుకుంది. అందుకే ఎర్రర్ కూడా రాలేదు. ఎర్రర్ వచ్చుంటే నువ్వే పట్టుకునేవాడివి.

కాబట్టి లింకు ఎప్పుడూ సింగిల్ కోట్స్‌లో పెట్టు. డబుల్ కోట్స్ & వరకు ఆపుతాయి గానీ లోపల డాలర్ గుర్తుంటే షెల్ దాన్ని వేరియబుల్ అనుకుంటుంది, బ్యాష్ అనే షెల్‌లో అయితే ఆశ్చర్యార్థకం కూడా హిస్టరీలోంచి, అంటే ఇంతకుముందు కొట్టిన కమాండ్లలోంచి, ఏదో లాక్కొస్తుంది. లింకులోనే సింగిల్ కోట్ ఉంటే దాని బదులు %27 అని రాయి, సర్వర్ దాదాపు ఎప్పుడూ రెండిటినీ ఒకటిగానే చూస్తుంది. ప్రశ్నార్థకం సంగతి తమాషాగా ఉంటుంది, షెల్ దాన్ని ఫైలు పేరులో ఏదో ఒక అక్షరం అని చదువుతుంది, బ్యాష్ దానికి సరిపడే ఫైలు దొరక్కపోతే నోరు మూసుకుని అలాగే పంపేస్తుంది, జీషెల్ అనే ఇంకో షెల్ మాత్రం మ్యాచ్ దొరకలేదని మొండికేస్తుంది. నన్నడిగితే జీషెల్ చేసేదే నయం, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది.

మ్యాక్‌లో అయితే కమాండ్ పేరు ఓపెన్, అంతే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో స్టార్ట్, కానీ అక్కడ సింగిల్ కోట్స్ పనిచెయ్యవు, డబుల్ కోట్సే పెట్టాలి, పైగా మొదటి కోట్స్‌లో ఉన్నదాన్ని అది విండో టైటిల్ అనుకుంటుంది కాబట్టి ముందు ఖాళీ కోట్స్ ఒక జత పెట్టి ఆ తర్వాత లింకు పెట్టాలి.

అసలు లింకుని చేత్తో కాపీ చెయ్యడం మానెయ్యమంటాను నేను. మెయిల్ నీకు స్క్రీన్ మీద కనబడినట్టు ఫైల్లో ఉండదు. చాలా మెయిల్స్ కోటెడ్-ప్రింటబుల్ అనే పద్ధతిలో వస్తాయి, అందులో ఒక్కో లైను 76 అక్షరాలు దాటకూడదు, దాటితే చివర = పెట్టి కింది లైన్లోకి విరిచేస్తారు, మరి లింకులో నిజంగా ఉన్న = గుర్తేమో =3డీ గా మారిపోతుంది. ముడి ఫైల్లో గ్రెప్ (టెక్స్ట్‌లో వెతికే కమాండ్) కొట్టి లింకు లాగావనుకో, సగం లింకు, మధ్యలో ఈ 3డీలు, అదే చేతికొస్తుంది. స్క్రీన్ మీంచి మౌస్‌తో లాగినా సుఖం లేదు, మట్ పొడుగు లైనుని మడిచి కింది లైను మొదట్లో + గుర్తు పెడుతుంది, అది కూడా లింకుతో పాటే వచ్చేస్తుంది. ఆ + వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో మార్కర్స్ ఆపెయ్.

మెయిల్లోని లింకులు ఏరి చూపించే యూఆర్ఎల్‌స్కాన్ అనే టూల్ ఇన్‌స్టాల్ చేసుకో. మెసేజ్‌ని దానికి పైప్ చేసే (నేరుగా అందించే) మాక్రో, అంటే ఒక కీ నొక్కితే నడిచే కమాండ్, ఒకటి మట్‌లో పెట్టుకో, చాలామంది కంట్రోల్-బీ కి పెట్టుకుంటారు. అది మెయిల్ భాగాలన్నీ తనే విప్పుకుని, ఒక్కో లింకు చుట్టూ ఏ వాక్యం ఉందో కూడా చూపిస్తుంది, బాణంతో దిగి ఎంటర్ కొట్టడమే. పాతది యూఆర్ఎల్‌వ్యూ అని ఉంది, అది ఊరికే టెక్స్ట్‌లో వెతుక్కుంటుంది కాబట్టి దానికి డీకోడ్ చేసిన మెసేజ్ ఇవ్వాలి, మట్‌లో పైప్-డీకోడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలన్నమాట, యూఆర్ఎల్‌స్కాన్‌కి మాత్రం ముడిదే ఇవ్వు. ఈ ఒక్క తేడా తెలీక చాలామంది టూల్‌ని తిట్టుకుంటారు.

హెచ్‌టీఎంఎల్ మెయిల్‌లో ఇంకో సంగతి, పైకి కనబడే మాట ఒకటి, వెనకున్న అడ్రసు ఇంకొకటి. లింక్స్ (lynx) అనే టెక్స్ట్ బ్రౌజర్‌ని డంప్ ఆప్షన్‌తో నడిపితే పేజీ మొత్తం టెక్స్ట్‌గా వచ్చి, చివర్లో లింకులన్నీ నంబర్లు వేసి అసలు అడ్రసులతో వస్తాయి. బ్యాంకు నుంచో ఆఫీసు నుంచో అని చెప్పుకునే మెయిల్ వస్తే ఆ చివరి లిస్టు చూడు, డొమైన్ చదివేటప్పుడు రెండు స్లాష్‌ల తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి అక్కడ్నుంచి వెనక్కి చదువు, ముందున్న పేరు ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మధ్యలో @ ఉంటే దానికి ముందున్నదంతా యూజర్ పేరు కింద లెక్క, సైటు పేరు కాదు.

పొట్టి లింకు ఎక్కడికి పోతుందో చూడాలంటే కర్ల్ అనే కమాండ్‌కి పెద్ద ఐ (-I) ఆప్షన్ ఇస్తే హెడర్లు (పేజీకి ముందు సర్వర్ పంపే వివరాలు) మాత్రమే వస్తాయి, లొకేషన్ అన్న లైన్లో అసలు అడ్రసు ఉంటుంది. అయితే అదేం రహస్యంగా చూడటం కాదురోయ్, అవతలి సర్వర్‌కి నువ్వు తట్టినట్టే లెక్క. ఒక్కసారే పనిచేసే లాగిన్ లింకుల మీద, అన్‌సబ్‌స్క్రైబ్ లింకుల మీద ఇది చెయ్యకు, కొన్ని సర్వర్లు దాన్నే క్లిక్ అనుకుని లింకు ఖర్చు చేసేస్తాయి.

సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి మెయిల్ చదువుతుంటే ఎక్స్‌డీజీ-ఓపెన్ అక్కడ బ్రౌజర్ వెతుక్కుంటుంది, నీ ల్యాప్‌టాప్‌లో కాదు. అక్కడ బ్రౌజర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో ఏ టెక్స్ట్ బ్రౌజర్ కావాలో పెట్టుకో, బొమ్మలు కావాలంటే లింకు కాపీ చేసి ఇటు తెచ్చుకోక తప్పదు. మౌస్‌ని ప్రోగ్రామ్ పట్టేసుకుంటే చాలా టెర్మినల్స్‌లో షిఫ్ట్ నొక్కి సెలెక్ట్ చెయ్యొచ్చు.

పాస్‌వర్డ్ రీసెట్ లింకులు కమాండ్ లైన్లో టైప్ చేస్తే హిస్టరీ ఫైల్లో ఉండిపోతాయి. బ్యాష్‌లో హిస్ట్‌కంట్రోల్ అనే వేరియబుల్‌కి ఇగ్నోర్‌స్పేస్ పెట్టి, కమాండ్ ముందు ఒక స్పేస్ కొడితే హిస్టరీలోకి ఎక్కదు. పదిమంది వాడే మెషీన్ అయితే పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాముల్ని చూపే కమాండ్) కొట్టినవాడికి కూడా ఆ లింకు కనబడొచ్చు, అలాంటి చోట ఆ పని పెట్టుకోకు.

సొంతంగా స్క్రిప్ట్ రాస్తానన్నావు, రాయి, కానీ మెయిల్లోంచి వచ్చిన లింకుని ఎవాల్‌కి (ఇచ్చిన టెక్స్ట్‌ని కమాండ్‌గా నడిపేస్తుంది) మాత్రం ఇవ్వకు, వేరియబుల్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టి ఆర్గ్యుమెంట్‌గానే పంపు. పంపేముందు అది హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్‌తోనే మొదలవుతోందా అని చూడు, కాకపోతే తెరవకుండా ఆపెయ్, ఎందుకంటే ఎక్స్‌డీజీ-ఓపెన్ వెబ్ పేజీలే కాదు, లోకల్ ఫైళ్లనీ వేరే యాప్స్‌నీ కూడా అడగ్గానే తెరిచేస్తుంది. రాశాక నాకు పంపు, చూస్తాను.

మావయ్య