ముందు అడగండి, తర్వాతే పోగుచేయండి

ప్రశ్న: మేం డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాం. పోయినేడాది క్లాసంతా కలిసి పాత బట్టలు పోగుచేసి ఒక అనాథాశ్రమానికి తీసుకెళ్తే సగం మూటలు తిప్పి పంపేశారు. చాలా బాధేసింది. ఈసారి రక్తదాన శిబిరం పెడదామంటే కొందరు భయపడుతున్నారు, డబ్బు లెక్కల దగ్గర కూడా మాటామాటా వచ్చింది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ బాధ నాకు తెలుసు, ఎందుకంటే కాలేజీ రోజుల్లో నేనూ అలాంటి మూటలు మోశాను. వరండాలో ఆయమ్మ మూట విప్పి గుండీలు ఊడిన చొక్కాలు, జిప్పు పోయిన ప్యాంట్లు ఒక్కొక్కటే పక్కన పడేస్తూ పోతే, చివరికి పిల్లలు వేసుకోగలిగేవి ఒళ్లో పట్టేటన్ని మిగిలాయి. ఆ మిగతావన్నీ పారేసే చాకిరీ కూడా ఆవిడ మీదే పడింది. అప్పుడడిగాం, మీకేం కావాలమ్మా అని. కొత్త లోదుస్తులు, స్కూలు బూట్లు, సాయంత్రం కూర్చుని లెక్కలు చెప్పే మనిషి, అంది. ఆ మాట ముందే ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. కాబట్టి ఆ ఆశ్రమం వాళ్ల మీద కోపం పెట్టుకోకండి.

రక్తదానం విషయంలోనూ అంతే. తేదీ మీరే ఖాయం చేసేసి బ్లడ్ బ్యాంకును పిలవకుండా, వాళ్లకి ఎప్పుడు కొరతగా ఉంటుందో అడిగి అప్పుడు పెట్టండి. ఎర్రకణాలు చల్లగా ఉంచినా మహా అయితే 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే మామూలుగా 5 రోజులే నిల్వ ఉంటాయి, అందుకని జూన్ 14న రక్తదాతల దినోత్సవమని అందరూ ఒక్కసారే ఇచ్చేసి ఆ తర్వాత ఎవరూ రాకపోతే కష్టం. పరీక్షలు, సెలవులు వచ్చి దాతలు తగ్గిపోయే రోజుల్లోనే మీ అవసరం ఎక్కువ.

భయపడేవాళ్లని మాత్రం దయచేసి బలవంతపెట్టకండి. 18 నిండనివాళ్లు, డాక్టరు వద్దన్నవాళ్లు ఎలాగూ ఉంటారు. పేర్లు రాసుకోవడం, ఇచ్చినవాళ్లని కాసేపు కూర్చోబెట్టి నీళ్లిచ్చి కళ్లు తిరుగుతున్నాయేమో కనిపెట్టుకుని ఉండటం, ఇవన్నీ కూడా ఎవరో ఒకరు చేయాల్సిన పనులే, నా దృష్టిలో చిన్నవేం కాదు.

డబ్బంటారా, వసూలు చేసేవాళ్లు ఒకరు, ఖర్చుపెట్టేవాళ్లు వేరొకరు ఉండాలి. ఏ రోజు బిల్లు ఆ రాత్రే అందరూ చూసేలా గ్రూపులో పెట్టేయండి, టెన్షన్ ఉండదు.

శిబిరం సంగతి తేలేలోపు ఆ ఆశ్రమానికే మళ్లీ ఒకసారి ఫోన్ చేసి చూడండి. లెక్కలు బాగా వచ్చినవాళ్లు మీ క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు కదా.